రాలిన కాయలు, రెక్కల బొమ్మ

నిజం చెప్పండి: దేవుడికి కూడా సిగ్నల్ కావాలని మీరు ఎప్పటినుంచి నమ్ముతున్నారు? నమ్మకపోతే, పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా "ఈ ఆశీర్వాదాన్ని పదిమందికి పంపండి, సాయంత్రానికి శుభవార్త వింటారు" అనే మెసేజీ నాకెందుకు పంపుతారు? నేనెవరికీ పంపలేదు. సాయంత్రానికి కరెంటు పోయింది. అది నా అవిశ్వాసానికి శిక్ష అని మీవాళ్లు అంటారు. ఈదురుగాలికి తీగ తెగిందని లైన్‌మన్ అన్నాడు. నేను లైన్‌మన్ మాట నమ్మాను.

నేను మందిరానికి వెళ్లేవాడినే. చెప్పులు గుమ్మం బయట విడుస్తాను, బుర్రని మాత్రం లోపలికి తీసుకుపోతాను. కుర్రతనంలో నూజివీడు గ్రంథాలయంలో సంఘసంస్కరణ చర్చలకు వెళ్లి గొంతు చించుకున్న పాపం ఇంకా వదల్లేదు. అందుకని మా చర్చి సంఘంలో నన్ను 'వాదనలాయన' అంటారు. పొగడ్త కాదు.

అలాంటి నాకు, సంఘం నెలనెలా వేసే చిన్న పత్రికలో అరపేజీ అప్పగించారు మా పాస్టరు గారు. మా వైపు పాస్టరుని అయ్యగారు అంటాం. ఆయన నాకన్నా చాలా చిన్నవాడు, మంచివాడు, సంఘపెద్ద అంటే భయం ఉన్నవాడు.

"రోజువారీ మనుషులకి పనికొచ్చే వెబ్‌సైట్ల గురించి రాయండి. కాస్త సరదా ఉండాలి. క్రైస్తవ దృక్పథం కూడా ఉండాలండీ" అన్నారు.

ఆ దృక్పథం అంటే ఏమిటో వారంలోనే అర్థమైంది. సలహాలు వచ్చిపడ్డాయి. అభిషేక తైలాన్ని ఇంటికి పంపే సైటు. వేలు పెట్టి నొక్కితే విదేశంలో ఎక్కడో మీ పేరిట కొవ్వొత్తి వెలిగే సైటు. లోకం అంతమయ్యే రోజు లెక్కగట్టే సైటు. ఆ ఆఖరిదాన్ని చూపించినాయన అదే వారం తోటకి కొత్త బోరు వేయిస్తున్నాడు. లోకం అంతమయ్యేలోపు నీళ్లు పడతాయని నమ్మకం కాబోలు.

నేను వాటిల్లో ఒక్కటీ వేయలేదు. మబ్బు ఏ దిక్కునుంచి వస్తోందో చూపించే సైటు రాశాను. ఆకు మీది మచ్చ ఫోటో తీసి పెడితే ఏం తెగులో చెప్పే సైటు రాశాను. మధ్యాహ్నం కునుకు రాని వాళ్లకి పదాల పజిళ్ల సైటు, వాక్యాన్ని, అంటే బైబిలుని, తెలుగులో మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించే సైటు కూడా రాశాను. సంఘపెద్ద నా అరపేజీ చూసి ముక్కు విరిచారు.

"మబ్బుల్లో క్రైస్తవ దృక్పథం ఎక్కడుందండీ?"

"అబద్ధం చెప్పకపోవడంలో ఉందండీ" అన్నాను.

అచ్చుకి ఇచ్చారు గానీ, అయ్యగారు నా అరపేజీ కింద ఒక శిలువ బొమ్మ వేయించారు. మబ్బులకి బాప్తిస్మం అయిపోయింది.

ఆ అరపేజీ వల్ల సంఘంలో ఎవరి జీవితమైనా మారిందా అంటే ఒక్కరిదే మారింది. మా పిన్నిది. మా అమ్మకి చెల్లెలు. రెడ్డిగూడెం వైపు తోటల్లో కాయలు ఏరి, సైజులవారీగా వేరుచేసే పనికి వెళ్తుంది. చదువు రాదు. హనుమాన్ జంక్షన్‌లో పెద్ద తెర ఉన్న ఫోను కొనుక్కుని, దాంట్లో కామెడీ బిట్లు చూస్తూ ఒక్కతే పగలబడి నవ్వుతుంటుంది.

చదువు రాని మనిషికి వాక్యం ఎలా అందుతుందో మీరెప్పుడైనా గమనించారా? ఎవరో ఒకరు చదివి పెట్టాలి. పక్కింటావిడ చదివితే భార్యలు లోబడి ఉండాలన్న చోటే పుస్తకం తెరుచుకుంటుంది. సంఘపెద్దగారి భార్య చదివితే దశమభాగం, అంటే దేవుడికివ్వాల్సిన రాబడిలో పదోవంతు, ఎగ్గొట్టకూడదన్న చోట తెరుచుకుంటుంది. నేను చదివితే ప్రవక్తలు డబ్బున్నవాళ్లని తిట్టిపోసే చోట. మామిడి యార్డులో కాయకీ కొనేవాడికీ మధ్య దళారి నిలబడ్డట్టు, పిన్నికీ దేవుడికీ మధ్య మేమందరం వరసగా నిలబడి, ఎవరి కమీషను వాళ్లు తీసుకుంటూ వచ్చాం. ఒకప్పుడు ఎవరో ఎవరికో వేదం వినపడకుండా చేశారని వేదికలెక్కి ఉపన్యసించింది కూడా మేమే.

ఆ చదివే సైటుని పిన్ని ఫోను తెర మీద బొమ్మగా పెట్టాను. తెరిచిన పుస్తకం బొమ్మ అది. ఆవిడకి పక్షి రెక్కల్లా కనిపించింది. ఆ రోజునుంచి దాని పేరు రెక్కల బొమ్మ. ఎక్కడ ఆపితే మళ్లీ అక్కణ్నుంచే అందుకుంటుంది. పిన్ని మొదటినుంచి మొదలుపెట్టింది. మనలాంటి చదువుకున్నవాళ్లు ఎప్పుడూ చేయని పని చేసింది: ఏదీ దాటేయలేదు. వంశావళులు కూడా వింది.

"ఎవరి కొడుకు ఎవడో చెప్పుకుంటూ పోతాడేంట్రా, పెళ్లి సంబంధం చూస్తున్నట్టు?" అని నన్ను అడిగింది.

"దాటేసెయ్ పిన్నీ."

"నువ్వు దాటేస్తావురా. నీకు వేరే పుస్తకాలున్నాయి."

అలా వింటూ వింటూ, చెట్ల కింద కాయలు ఏరుతూ ఏరుతూ, ఒకరోజు ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను దాన్ని వ్యాసం రాసి పాడుచేసేవాడిని. నేరుగా స్త్రీల కూడికలో లేచి నిలబడింది. మైకు మోసినవాణ్ని కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను.

"అయ్యగారూ, ఒక డౌటండీ."

"అడగమ్మా."

"ద్రాక్షతోటకి చెప్పింది మామిడితోటకి వర్తిస్తుందాండీ?"

అయ్యగారి ముఖం విప్పారింది. "వాక్యం అన్నిటికీ వర్తిస్తుందమ్మా."

"తోటలో రాలినవి సొంతదారుడు ఏరుకోకూడదంట కదండీ. బీదోళ్లకీ పరాయి ఊరోళ్లకీ వదిలెయ్యాలంట. మరి మన తోటల్లో రాలిన కాయలు ఎవరివండీ?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా సంఘపెద్ద తోటలు గుత్తకు పట్టే ఆసామి. గాలికి రాలిన పచ్చికాయని కూడా వదలరు. పచ్చడి ముక్కలకనీ, ఒరుగులకనీ ఆటోలో విస్సన్నపేట పంపిస్తారు. ఏ కూలిమనిషి అయినా రెండు కాయలు కొంగున వేసుకుంటే, మేస్త్రీ తోట గేటు దగ్గర ఆ కొంగు దులిపిస్తాడు. పిన్ని కొంగూ దులిపించుకుంది. ఇన్నేళ్లలో ఆ వాక్యం మీద మా మందిరంలో ఒక్క ప్రసంగమూ జరగలేదు. కాకతాళీయం అంటారు దీన్ని, మర్యాదస్తులు.

పెద్దగారి భార్య అందుకుంది. "అది పాతకాలపు ధర్మశాస్త్రం వదినా. ఇప్పుడది లేదు."

"మరి దశమభాగం ఏ కాలందండీ?" అంది పిన్ని. ఎకసెక్కానికి కాదు. తెలియక అడిగింది. అందుకే అంత గట్టిగా తగిలింది.

అయ్యగారు వాచీ చూసుకుని ముగింపు ప్రార్థన చేశారు.

మరుసటి ఆదివారం సంఘపెద్ద ఒక దర్శనంలాంటి నిర్ణయంతో వచ్చారు. శ్రమల దినాలు కదా, ఈస్టర్ దాకా సంఘమంతా ఫోను ఉపవాసం చేయాలట. ఫోను లోకసంబంధమైనదట. ఈ ప్రకటన యూట్యూబ్ లైవ్‌లో వెలువడింది. లైక్ చేసి షేర్ చేయమన్నారు కూడా.

ప్రసంగ వేదిక పక్కన మామిడికాయల ప్లాస్టిక్ ట్రే ఒకటి పెట్టారు. ఫోన్లు గీసుకుపోకుండా అడుగున వరిగడ్డి పరిచారు. రసాలని మాగబెట్టినట్టు జనం వరసగా వచ్చి ఫోన్లు పడుకోబెట్టారు. గడ్డిలో వేస్తే కాయ పండుతుంది. ఫోను పండితే ఏమవుతుందో నాకిప్పటికీ తెలియదు.

తర్వాత మినహాయింపులు మొదలయ్యాయి. అయ్యగారి ఫోను లైవ్ కోసం కావాలి. పెద్దగారికి యార్డులో కాయ రేటు చూసుకోవాలి. కుర్రాళ్లకి చదువులు, మగవాళ్లకి పనులు. వారం తిరిగేసరికి ట్రేలో మిగిలినవి ఆడవాళ్ల ఫోన్లు. లోకం మొత్తం వాటిల్లోనే ఉందని తేలింది.

"ఇది నీ నోరు మూయించడానికి పెట్టిన ఉపవాసం పిన్నీ. ఇవ్వకు" అని ముందే మొత్తుకున్నాను.

"దేవుడి కోసం అన్నాక ఇవ్వకపోతే ఎలారా? నీ వాదన నీ దగ్గరే ఉంచుకో" అని ఫోను కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

ఈస్టర్‌కి ముందు వారం వచ్చే మట్టలాదివారానికి మూడు రోజుల ముందు గాలి దుమారం వచ్చింది. మబ్బుల సైటు పొద్దున్నుంచీ చెబుతూనే ఉంది. వినేవాళ్లు ఉపవాసంలో ఉన్నారు. తెల్లారేసరికి తోటల్లో నేల కనపడలేదు, అంత కాయ రాలింది. మేస్త్రీ ఇంటింటికీ వచ్చి, ఏరడానికి మనుషుల్ని పిలిచాడు. పిన్ని గంపతో బయలుదేరి, సగం దారిలో వెనక్కి తిరిగి మా ఇంటికొచ్చింది.

"ఏరి ఆయనకివ్వడానికి చేతులు రావట్లేదురా. కానీ నేను విన్నది అందులో నిజంగా ఉందో లేదో మళ్లీ వినాలి. లేనిది ఉందని పదిమందిలో అని ఉంటే పాపం కదా."

నేను ఎగిరి గంతేసినంత పనిచేసి, పుస్తకం తీశాను. "ఇదిగో, చదువుతాను."

"నువ్వొద్దు. నువ్వు చదివితే నువ్వు రాసినట్టే ఉంటుంది."

ఇన్నేళ్ల నా ఉపన్యాసాలకి ఇంతకన్నా నిక్కచ్చి సమీక్ష ఇంకెవరూ చేయలేదు. ఆ సాయంత్రం ప్రార్థనకి ఆవిడతో పాటు వెళ్లాను, నోరు మూసుకుని వెళ్లాలన్న షరతు మీద.

పిన్ని ట్రే ముందు నిలబడింది. "అయ్యగారూ, ఉపవాసం తిండికి ఉంటారు గానీ, వాక్యానికి కూడా ఉంటారాండీ? నా ఫోను నాకిప్పించండి."

అయ్యగారు సంఘపెద్ద వంక చూశారు. పెద్దగారు పైకప్పు వంక చూశారు. అయ్యగారు తనే వంగి, గడ్డి తప్పించి, ఫోను తీసి ఇచ్చారు. పెద్దగారి వంక మళ్లీ చూడలేదు. ధైర్యం అంటే అదేనని నాకు అప్పుడు తెలిసింది. నా ఉపన్యాసాల్లో నాకు పోయేదేమీ ఉండేది కాదు మరి.

ఫోనులో ఛార్జింగు లేదు. కీబోర్డు ప్లగ్గు పీకి దీన్ని పెట్టాం. అది లేచేదాకా సంఘం సంగీతం లేకుండా రెండు పాటలు పాడింది. పిన్ని రెక్కల బొమ్మ నొక్కి, ఆ భాగం వెతకమని నన్ను పిలిచింది. వెతికాను. "ఇంక పక్కకి జరుగు" అంది. జరిగాను. తోటలో పదిమందికి వినపడేలా పెట్టుకునే అలవాటు కాబట్టి, శబ్దం మందిరమంతా నిండింది. ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. ఎవరి ముఖమూ చూడకుండా, ఉన్నది ఉన్నట్టు చదివి ఊరుకుంది. రాలినవి ఎవరివో అందులో ఉంది.

"యంత్రం చదివితే అది వాక్యం ఎలా అవుతుంది?" అన్నారు సంఘపెద్ద.

"మీరు ఫోనులో చూసే రేటు, రేటే కదండీ పెద్దగారూ?" అంది పిన్ని.

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆడవాళ్లు లేచి వచ్చి, ట్రేలోంచి ఎవరి ఫోను వాళ్లు తీసుకున్నారు. చివరికి గడ్డి మిగిలింది.

పెద్దగారు పశ్చాత్తాపపడ్డారని మీరు ఆశపడుతుంటే, దయచేసి అలాంటి కథలు దొరికే వేరే సైట్లకి వెళ్లండి. మర్నాడు ఆయన మేస్త్రీతో అన్నది ఇంతే: "రాలిన కాయకి ఆటో కిరాయి కూడా గిట్టదు, వదిలెయ్." ఆ ఉదయం తోట గేటు తెరిచే ఉంది. కొంగులు నింపుకుని వస్తున్న వాళ్లని ఎవరూ దులపమనలేదు. పిన్ని మాకు కూడా ఒక గంపెడు తెచ్చి పోసింది. ఆ పచ్చడి ఇంకా జాడీలో ఉంది. పెద్దగారు గిట్టుబాటు లెక్కే వేసుకున్నారో, ఇంకేదైనా విన్నారో, ఆయనకీ దేవుడికీ మధ్య దళారిగా నేను నిలబడదలచుకోలేదు.

పత్రికలో నా అరపేజీ మాత్రం తీసేశారు. ఇప్పుడక్కడ కొవ్వొత్తి సైటు వస్తోంది.

అందుకని ఆ అరపేజీలో రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనో పక్కింట్లోనో చదవడం రాని మనిషి ఒకరు ఉండే ఉంటారు. మీరు ఏరి, వడకట్టి, మీకు నచ్చినంత చదివి పెడుతుంటే వింటూ బతుకుతున్నారు. ఆ ఆశీర్వాదం మెసేజీని పదిమందికి పంపడం ఆపండి. లేవండి. ఇవాళే ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. ఫోను అడిగి తీసుకుని, వాళ్లు వినాలనుకున్నది మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించే సైటుని తెర మీద బొమ్మగా పెట్టండి. ఎక్కడ నొక్కాలో చూపించండి. తర్వాత పక్కకి జరగండి.