చల్లారని ఎరువు

నా చిన్నప్పుడు నన్ను ఎవరు ఏమన్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మరిచిపోమ్మా అని మా పిల్లలు విసుక్కుంటారు. మరిచిపోయేదాన్నయితే ఇదంతా రాయాల్సిన పనే లేదు.

మాది కార్వేటినగరం దగ్గర పల్లె. నాకు పదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. ఆమె ఏటా పెరట్లో వేసే గుండుమిరప విత్తనాలు ఒక గుడ్డలో ముడివేసి వసారా దూలానికి కట్టి ఉండేవి. అమ్మదని చెప్పుకోవడానికి నాకు మిగిలింది ఆ మూట ఒక్కటే. చీరలను అప్పటికే మా పెద్దమ్మ, అంటే మా నాయన అన్న భార్య, నన్నొక్క మాటైనా అడక్కుండా పంచేసింది. అదీ నేను మరిచిపోలేదు.

సగం విత్తనాలు తీసి నారు పోశాను. నారు బాగానే వచ్చింది. దాన్ని నాటడానికి పాత నూనె డబ్బాలు తెచ్చి, మన్ను నేనే ఎంచాను. నల్లగా నిగనిగలాడితే సారం ఎక్కువనుకుని వంక పక్కనుంచి బంకమన్ను మోసుకొచ్చాను. మేకల దొడ్డిలో ఆ పొద్దు ఊడ్చిన పెంటను, పచ్చి గెత్తాన్ని, దోసిళ్లతో కలిపాను. ఎంత ఎక్కువేస్తే అంత తొందరగా కాస్తాయని ఆశ. నాలుగో రోజుకు ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. వారం తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

మా వైపు నారు నాటడానికి చెయ్యి చూస్తారు. ఫలానా ఆమె చెయ్యి చల్లనిది, ఆమె నాటితే బతుకుతుందని పిలుచుకుపోతారు. అందుకే, అందరూ సంగటి తింటున్నప్పుడు మా పెద్దమ్మ అన్న మాట నన్ను కోసేసింది.

“దీని చెయ్యే అంత. తల్లీ నిలవలేదు, నారూ నిలవలేదు. మిగిలిన ఇత్తనాలు ఇట్లియ్యి మే, నేనేసుకుంటా.”

మా నాయన తల ఎత్తలేదు. మా తాతయ్య, నాయనకు తండ్రి, ముద్ద వైపే చూస్తూ ఉండిపోయాడు. నేను మూట ఇవ్వలేదు. తినకుండానే లేచిపోయాను.

మరునాడు పొద్దున్నే తాతయ్య నన్ను పెంటదిబ్బ దగ్గరికి పిలుచుకుపోయాడు. కొత్త గెత్తం కుప్ప చూపించి, “చెయ్యి పెట్టి సూడు పాపా” అన్నాడు. మోచేతి దాకా పెట్టి, చురుక్కుమంటే లాక్కున్నాను. లోపల పొయ్యి మాదిరి ఉంది. తర్వాత అవతలి మూలలో నిరుటి ఎరువు తవ్వి, అందులోనూ పెట్టమన్నాడు. పొడిపొడిగా, చల్లగా ఉంది.

“కాలేది నీ చెయ్యా, ఎరువా?”

“ఎరువే.”

“మరి నీ చేతిలో ఏం తప్పుండాది? ఏర్లు ఉడికిపోయినాయి. ఆ బంకమన్నులో నీళ్లు దిగక, ఊపిరాడక సచ్చినాయి.”

రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు మాగిన ఎరువు, గుప్పెడు ఏటి ఇసుక నా చేతే కలిపించాడు. డబ్బాల అడుగున మేకుతో బెజ్జాలు కొట్టించాడు. తను వేలు కూడా పెట్టలేదు. మిగిలిన విత్తనాలతో ఆరు మొక్కలు బతికాయి.

సంతోషమే. కానీ దిబ్బ దగ్గర చెప్పిన మాట సంగటి దగ్గర ఎందుకు చెప్పలేదని ఆయన మీద కోపం పెట్టుకున్నాను. తొలి కాయలు ఎర్రబడిన రోజు, “ఒగ కాయియ్యి పాపా, నోరు సప్పగుండాది” అని చెయ్యి చాపాడు. “పెద్దమ్మనడుక్కో పో” అన్నాను. ఆయన నవ్వి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ అడగలేదు. రెండో కాపు రాకముందే మంచాన పడి చనిపోయాడు.

అవ్వ లేని ఆయన రెండు పూటలా పెద్దమ్మ వడ్డిస్తేనే తినాలని, ఆమెకు ఎదురు చెప్పి ఆ ఇంట్లో నిలవలేడని నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

ఇప్పుడు తిరుపతిలో మా మేడ మీద అవే గుండుమిరపలున్నాయి. కొత్తగా మొక్కలు పెట్టుకునేవాళ్లు ఏ మన్ను, ఏ ఎరువు అని అడుగుతుంటారు. కొన్న సంచీ అయినా ముందు చెయ్యి పెట్టి చూడమంటాను. వెచ్చగా ఉంటే చల్లారేదాకా ఆగమంటాను. పెద్దమ్మను నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ ఏటా తొలి కాయ కోయబోయేసరికి, ఖాళీగా వెనక్కి వెళ్లిన ఆ ముసలి చెయ్యి కళ్ల ముందుకొస్తుంది. ఆ కాయ ఎవరడిగితే వాళ్లకిచ్చేస్తాను. తొలి కాయ నేనింతవరకు ఒక్కటీ తినలేదు.