క్లెమ్ వాయించే చోటు

ఆదివారం నాలుగింటికి మా పబ్ వెనక గదిలో పాట మొదలవుతుంది. నలభై మంది పడితే గొప్ప. మా కోబర్గ్ పేటలో ఇంతకంటే ఇరుకైన గది ఉంటే చూపించండి, బీరు నేను పోయిస్తాను. గాయని రోనా మోకాళ్లు ముందు వరసవాళ్ల గ్లాసులకు తగులుతుంటాయి. పాట మధ్యలో ఎవరైనా కబుర్లు పెడితే నాకు ఒళ్లు మండుతుంది. బార్ వెనక నుంచి ఒక్క చూపు చూస్తే చాలు, నోళ్లు మూతపడతాయి.

గ్లెనిస్‌ను అలా చూడాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ముప్పై ఏళ్లు ట్రామ్ నడిపి రిటైరైన మనిషి, నోట్లో నాలుక లేదు. పదకొండేళ్లుగా గోడవారన అదే స్టూలు మీద, ఒకే ఒక్క చిన్న బీరుతో కూర్చుంటుంది. ఆమెకు ఎదురుగా క్లెమ్ అకార్డియన్ వాయించేవాడు. రోనా పాడే రేవు పాటలో ఒకచోట అందరూ ఆగిపోతే క్లెమ్ ఒక్కడే అందుకునేవాడు. అతను గుండెపోటుతో పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి రోనా ఆ పాట ముట్టలేదు.

మా గదిలో ఫలానా పాట పాడమని కేకలు వేయడం ఉండదు. విరామంలో పచ్చి మటన్ చాప్స్, సాసేజీలు పేర్చిన మాంసం పళ్లేనికి లక్కీ డ్రా తీస్తాం. గెలిచినవాళ్లు పళ్లెం వద్దనుకుంటే ఒక పాట అడగొచ్చు. మటన్ చాప్స్ వదులుకుని పాట అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గ్లెనిస్ మాత్రం రెండేళ్లుగా వారం తప్పకుండా చీటీ కొంటోంది. ఆమె మాంసం తినదు. మరెందుకు కొంటున్నావంటే "ఊరికే" అనేది.

మొన్న ఆదివారం ఆమె చీటీ తగిలింది.

"పళ్లెం వద్దు. రేవు పాట పాడండి," అంది లేచి నిలబడి.

"అదృష్టం అందలం ఎక్కిస్తానంటే బుద్ధి బురదలోకి లాగిందట," అన్నాడు ప్లంబర్ బ్రెట్. "ఆ సాసేజీలేవో నాకిచ్చెయ్ గ్లెన్."

"నోరు మూసుకో బ్రెట్," అన్నాను.

రోనా గిటార్ తీగ ఒకటి బిగించింది. "క్లెమ్ లేడు కదా గ్లెన్. అతని చోటు వచ్చినప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దు. అతను ఎంతసేపు వాయించేవాడో అంతసేపు ఆగు."

రోనా పాడింది. ఆ చోటు రాగానే గిటార్ ఆపేసింది. గది నిండా మనుషులుండి కూడా బీరు ఫ్రిజ్ రొద ఒక్కటే వినిపించింది. బ్రెట్ సైతం గ్లాసు కింద పెట్టాడు. గ్లెనిస్ కళ్లు మూసుకుని, ఎవరో వాయిస్తున్నట్టే తల ఆడిస్తోంది. కాసేపటికి కళ్లు తెరిచి రోనాకు సైగ చేసింది. రోనా చివరి చరణం ఎత్తుకుంది. గ్లెనిస్ మాత్రం ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపే చూస్తోంది. పాటైతే వచ్చింది, క్లెమ్ ఎక్కడి నుంచి వస్తాడు?

అందరూ వెళ్లాక గ్లెనిస్ గ్లాసు ఇవ్వడానికి బార్ దగ్గరకు వచ్చింది.

"క్లెమ్‌కి నీ మనసులో మాట ఎప్పుడైనా చెప్పావా?" అని అడిగాను.

"ఒకసారి చెప్పాను. బాగా వాయించావని."

"అన్నేళ్లలో అదొక్కటేనా? ఏమన్నాడు?"

"థాంక్స్ అన్నాడు." గ్లాసు నా ముందుకు జరిపింది. "ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు."