మావయ్యగారు పిలిస్తే

కోడలు పిస్టల్ పేలుస్తుందని ఊళ్ళో అందరికీ గొప్పగా చెప్పుకునే మా మావయ్యగారే ఆ రోజు నన్ను స్కూటర్ మీద రాజమండ్రి పోటీకి తీసుకొచ్చారు. పిస్టల్ గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలని, పోటీ నడిపే రేంజ్ అధికారి పొద్దుటే మా అందరికీ రెండుసార్లు చెప్పారు. మొదటి రౌండ్ బాగా కొట్టాను. తూటాలన్నీ అయిపోయాయి, పిస్టల్ ఇంకా చేతిలోనే ఉంది. సరిగ్గా అప్పుడే వెనక, చూసేవాళ్ళకి కట్టిన తాడు అవతల నుంచి మావయ్యగారు పిలిచారు.

"అమ్మాయ్, మంచినీళ్ళు కావాలా?"

పెద్దవాళ్ళు పిలిస్తే వీపు చూపిస్తూ జవాబు చెప్పడం మా ఇంట్లో లేదు. "అండీ" అంటూ తిరిగాను. నాతోపాటు పిస్టలూ తిరిగింది.

"ఆగండి!"

రేంజ్ అధికారి అరుపుకి అందరూ బిగుసుకుపోయారు. ఆయన నా మణికట్టు పట్టుకుని గొట్టాన్ని టార్గెట్ వైపు మళ్ళించి, పిస్టల్ తీసుకుని, జాబితాలో నా పేరు కొట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఖాళీదేనండి! ఒక్క తూటా లేదు. ఆయన పిలిస్తే పలకొద్దా?"

"ఖాళీ అని మీకు తెలుసమ్మా," అన్నారాయన మెల్లగా. "ఆయనకి తెలుసా?"

అప్పుడు చూశాను. నీళ్ళసీసా కిందపడి కారిపోతోంది. కోడలి ముందు మావయ్యగారి చేతులు రెండూ ఇంకా పైకెత్తే ఉన్నాయి.