పక్కీరమ్మ చేతి మీద పడిన మాట

మా బ్రూస్‌పేట సందులో ఊరగాయ పెట్టాలంటే ముందు పక్కీరమ్మను పిలిచేది. కాయలు ఎవురివైనా కానీ, కారం ఎవురు దంచినా కానీ, కలిపే చెయ్యి మాత్రం ఆయమ్మది. ఆ చెయ్యి పడితే ఏడాదైనా బూజు పట్టదని మా అందరికీ నమ్మకం. దోసెపిండీ అంతే. పెండ్లిండ్లకు పిండి రుబ్బి పెడితే, సందేళ ఆయమ్మ వచ్చి చేత్తో ఒక కలుపు కలిపి పోయేది. పొద్దునకు గుండిగ అంచుదాకా పొంగుతాండె. నేను పక్కింట్లో మిషను కుట్టుకునే తిమ్మమ్మను. నాకు నోరు పెద్దదంటారు. ఉండనీ, ఈ సంగతి నోరుండేవాళ్లే చెప్పాల.

మొగుడు పోయినంక పక్కీరమ్మ సందు మొగదల్లో ఉండే మోహన్‌కృష్ణ బేకరీలో పనికి చేరింది. ఆయప్ప సిరుగుప్ప పక్కకు వలసొచ్చి కాలవ కింద వరి పండించే ఆంధ్రోళ్ల పిల్లోడు. వరి వద్దని బన్నుల్లోకి దిగినాడు. మంచోడే, మాటకు ముందు 'అమ్మా' అంటాడు. పక్కీరమ్మ పని మైదా కలిపేది. అందులో ఆయమ్మకు ఒక పద్ధతి ఉండె. ఈస్ట్‌ను నేరుగా పిండిలో వెయ్యదు. వెడల్పాటి తాంబాళంలో గోరువెచ్చని నీళ్లు, చక్కెర వేసి, ఈస్ట్ కరిగించి పలచగా పరుస్తాది. అట్లే తెరిచిపెట్టి, బయటికొచ్చి వాకిలి ఊడ్చి, టీ తాగి మళ్లా లోపలికి పోయేసరికి నురగ కమ్ముకోని ఉంటాది. "మేలుకున్యాయి" అని ముచ్చటగా చూసుకోని అప్పుడు పిండిలో పోస్తాది.

పోయిన వేసవిలో మోహన్‌కృష్ణ పిండి రూములో క్రిములు చంపే నీలం ట్యూబు ఒకటి బిగించినాడు. గిరాకీలు శుభ్రం అడుగుతాండారంట. ఆ వెలుగు మనుషుల మీద పడకూడదని, పక్కీరమ్మ వాకిలి ఊడ్చేకి బయటికి వస్తానే స్విచ్చి వేసి తలుపు మూసేటోడు. ఆయమ్మ టీ తాగి తిరిగి పోయేలోపల ఆర్పేసేటోడు.

ఆ వారంలోనే నురగ రావడం ఆగిపోయింది. మైదా ముద్ద వేసింది వేసినట్లే పడుండాది. బన్నులు రాళ్లమాదిరి వచ్చినాయి. ఈస్ట్ మార్చినారు, మైదా మార్చినారు, చక్కెర మార్చినారు. ఊహూ! అప్పుడు భట్టీ కాడ బన్నులు కాల్చే పంపాపతి నోరు తెరిచినాడు.

"అన్నీ మారిస్తిమి కదా సారూ. మార్చనిది ఒకటే ఉండాది. ఆ చెయ్యి."

మర్నాడు పంపాపతే కలిపినాడు. సోమరిపోతు! ఈస్ట్ తెచ్చి మైదాలో గుమ్మరించి, నీళ్లు పోసి పిసికి, పైన తడిగుడ్డ కప్పేసినాడు. అది పొంగింది చూడు, తొట్టి దాటి! ఇంకేం కావాల? మోహన్‌కృష్ణ పక్కీరమ్మ ముఖం చూడలేక నేల చూస్తా, "అమ్మా, కొన్నాళ్లు మీరు ట్రేలు కడగండి. పిండి ముట్టుకోవద్దులెండి" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండు.

మాట సందులోకి వచ్చేకి ఎంతసేపు? ఆ ఏడు ఊరగాయకు ఆయమ్మను ఎవురూ పిలవలా. నేను పిలిస్తి. వచ్చింది పాపం, కుడిచెయ్యి కొంగులో చుట్టుకోని.

"నువ్వు కలుపుకో తిమ్మక్కా, నేను ఈడ కూసోని చూస్తా."

"ఏంది మే నీ వేషాలు! చెయ్యి పెట్టు" అని కసిరితి.

ఆయమ్మకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. "చెడిపోతే నీ కాయలు కదక్కా పోయేది" అనింది.

దొంగతనం చేసి దొరికినోళ్లకు కూడా అంత సిగ్గు ఉండదప్పా. పదిమంది అన్నందుకు కాదు, ఆయమ్మే నమ్మేసింది. ఇంట్లో దోసెపిండి కలపబోతే కూతురు నేత్ర గరిటె తెచ్చి చేతికిచ్చిందంట. పోనీలే, అమ్మకు పని తేలిక చేస్తాండాది అనుకుంటి నేను.

నేత్ర కంటోన్మెంట్ పక్కన కాలేజీలో బీఎస్సీ చదువుతాండాది. ఒకనాడు జాకెట్ కొలతలిచ్చేకి వచ్చి, కాలేజీలో చేస్తాండే ప్రయోగం గురించి చెప్పబట్టింది.

"ఈస్ట్ అంటే ఉత్త పొడి కాదత్తా, ప్రాణముండేది. దాని ఒక్కో కణంలో ఎంజైములని ఉంటాయి. చక్కెరను కరిగించి గాలి పుట్టించేది అవే. ఇంకో ఎంజైము ఉండాది, పుండ్లు కడిగే పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ తెప్పిస్తాది. ఆ నురగ ఎంత లేస్తే ఎంజైము అంత బాగా పని చేస్తాండాదని లెక్క. మేము ఈస్ట్ మీద అల్ట్రావయొలెట్ లైటు వేసి, అది ఎంత తగ్గుతాదో చూస్తాండాము."

"తగ్గిందా?"

"కొంచెంసేపు వేస్తే ఏం కాలా. ఒకసారి నురగ ఇంకా ఎక్కువే వచ్చింది, రోషమొచ్చినట్ల. చాలాసేపు వేస్తే మాత్రం చప్పబడిపోయింది. కణాలే చస్తాండాయి కదా. మూత పెట్టిన పళ్లెంలో అయితే ఏం మార్పు లేదత్తా, మూత..."

ఆ మాట కాడ ఆగి, "బేకరీలో నీలం ట్యూబు!" అనింది. నేను కొలతలు తీస్తాండిన టేపు తన మెడలో ఏలాడుతాంటే అట్లే బేకరీకి పరిగెత్తింది. నేనూ ఎనకాలే పోతి. ఊరుకుంటానా నేను?

"సార్, మీ ట్యూబు ఎప్పుడు వేస్తారు?" అని అడిగింది. మోహన్‌కృష్ణ చెప్పినాడు. చెప్తా చెప్తానే ముఖం మారిపోయింది.

"ఈస్ట్ కూడా క్రిమేనామ్మా?" అన్నాడు.

నేత్ర ట్రేలు కడుగుతాండే తల్లిని పిలిచింది. పక్కీరమ్మ రానంటే రానని మొండికేస్తే, మణికట్టు పట్టుకోని తెచ్చింది. రెండు తాంబాళాల్లోనూ ఆయమ్మ చేత్తోనే ఈస్ట్ కలిపించింది. ఒకదానికి స్టీలు మూత పెట్టి, ఇంకోటి తెరిచిపెట్టి, అందరినీ బయటికి తోలి ట్యూబు వేయించింది. టీ తాగేంతసేపు అయినంక ఆర్పి తలుపు తీస్తే, మూత కింద నురగ కమ్ముకోని ఉండాది. తెరిచిన దాంట్లో కుడితినీళ్లు ఉన్నట్ల ఉండాది.

పంపాపతి భట్టీ ఎనక్కి పోయినాడు, మళ్లా కనపడలా. మోహన్‌కృష్ణ చేతులు జోడించి, "స్విచ్చి వేసింది నా చెయ్యమ్మా, మాట పడింది మీరు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. రేపటినుంచి మీరే కలపాలి" అన్నాడు.

పక్కీరమ్మ నవ్వుతాదని చూస్తాంటి. నవ్వలా. తన కుడిచేతిని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకోని, కూతురి పక్క తిరిగింది.

"ఆయప్పకు లైటు సంగతి తెలీదు. సరే. మన ఇంట్లో ఆ లైటు లేదు కదమ్మే. మరి నువ్వెందుకు నాకు గరిటె ఇస్తివి?"

నేత్ర ముఖంలో నెత్తురు లేదు. బీఎస్సీ పాప, ఇంతసేపూ సారుకు పాఠం చెప్పిన పాప, తల ఎత్తలా. "నాకూ భయమేసిందమ్మా" అనింది సన్నగా. "అందరూ అంటాంటే... నేనూ నమ్మితి." ఆడుండలేక నేను బయటికొస్తి.

ఆ సందేళ వాళ్లింటికి పోతి. నేత్ర పిండి గుండిగ తెచ్చి తల్లి ముందర పెట్టి, "చేత్తో కలుపమ్మా. నాకు నీ ముఖం చూడాలంటే సిగ్గయితాంది, కలుపమ్మా" అని ఏడుస్తాండె. పక్కీరమ్మ చెయ్యి కడుక్కుంది. గుండిగ మీద దాకా తెచ్చింది. మళ్లా ఎనక్కి తీసుకోని, గోడకు తగిలించిన గరిటె అందుకుంది.

"ఏడవద్దు పాపా" అనింది కలుపుతా. "ఇదే అలవాటయిందిలే."