మునిగిన ఊరి గుమ్మం

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. తెనాలి చుట్టుపక్కల ఇళ్ళకు కొలతలు తీయడం నా పని. బడిలో నేర్చుకున్నది కాదు, మేస్త్రీల వెంట తిరిగి పట్టుకున్న లెక్క. టేపుకు అందనిదాన్ని ఒప్పుకోను. అందుకే ఇది రాయడం నాకే ఇబ్బందిగా ఉంది.

మా మేనత్తది కృష్ణ ఎగువన రిజర్వాయరు కింద పోయిన చిన్న టౌను. ఖాళీ చేసేటప్పుడు అక్కడివాళ్ళంతా గోడలు వదిలేసి, గడపతో సహా గుమ్మాలు ఊడదీసి లారీల్లో తెచ్చుకున్నారు. సంగం జాగర్లమూడిలో కట్టుకున్న ఇంటికి అత్త ఆ గుమ్మమే పెట్టించింది. ఊరంతా మునిగినా మెరక మీదున్న వాళ్ళ వీధిలోకి మాత్రం నీళ్ళు ఎప్పుడూ ఎక్కలేదు.

ఈ వానాకాలం ఆ గుమ్మానికి గడప దగ్గర చెమ్మ మొదలైంది. కర్ర పాడైంది, తీసేసి ఇనప గుమ్మం పెడదామన్నాడు బావ, అంటే అత్త కొడుకు.

"దాంతోపాటు నన్నూ తీసి బయటెయ్యరా" అంది అత్త.

తల్లీకొడుకులకు మాటలు ఆగిపోయాయి. తీర్పు నా మీద పడింది.

కాలవ పక్కిల్లు కదా, నేల చెమ్మే అన్నాను. రుజువు కోసం గుమ్మం ఊడదీయించి, రేకుల షెడ్డులో ఇటుకల మీద తలకిందులుగా నిలబెట్టించాను. ఆరితే కర్ర మంచిదే, మళ్ళీ అదే పెట్టాలి. ఇద్దరూ ఒప్పుకున్నారు.

రెండు రోజులకు వెళ్ళి చూస్తే చెమ్మ పెరిగింది. అదీ పైకి వచ్చిన గడప నుంచి కిందికి. ఇటుకలకు ఆనిన చెక్క పొడిగానే ఉంది. రేకులో చిల్లు లేదు. వాన లేదు. రెండు నిలువు చెక్కల మీదా తడి గీత ఒకే కొలతలో ఉంది. మళ్ళీ కొలిచినా అంతే.

"ఏంటి బావా, నీ టేపేమంటోంది?" అన్నాడు బావ.

నేను నోరు తెరిచేలోపే అత్త చెయ్యి పెట్టి చూసింది. "గొళ్ళెం దాకా వచ్చేశాయిరా నీళ్ళు" అంది.

మర్నాడు మధ్యాహ్నానికి గుమ్మమంతా తడిసింది. సాయంత్రం అత్తకు పాత ఊరి పొరుగావిడ ఫోను చేసింది. ఈసారి డ్యాం నిండా నింపారట. మెరక మీదున్న వాళ్ళ పాత వీధి కూడా మునిగిపోయిందట.

అత్త ఏడవలేదు. గడపకు పసుపు రాసి, "ఇంక పెట్టుకో నాయనా నీ ఇనప గుమ్మం" అంది కొడుకుతో.

బావ అది కొనుక్కొచ్చాడు కానీ ఇంకా బిగించలేదు. అక్కడి గోడల్లోకి ఎక్కిన నీళ్ళు ఇక్కడి కర్ర మీద ఎలా కనిపించాయో నాకు అర్థం కాలేదు. అడిగినవాళ్ళకు నేల చెమ్మ అనే చెబుతున్నాను. ఆ మాట నా దగ్గరే నిలబడటం లేదు.