ముందు రెక్క చూడనివ్వండి

డెబ్భైల్లో బెజవాడలో మా కాలేజీ జువాలజీ మాస్టారికి మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. పక్క గదిలో తెలుగు చెప్పే నన్ను కూడా "ఏవండీ"తోనే సరిపెట్టేవారు. కాలవగట్టు గడ్డిలో వలేసి పట్టిన నువ్వుగింజంత ఈగల్ని మాత్రం భూతద్దం కింద పెట్టి, రెక్కల్లో గీతలు చూసి, అవి ఏ కుటుంబానివో తేలేదాకా కాఫీ ముట్టేవారు కారు. "ముందు రెక్క చూడనివ్వండి" అన్నది ఆయన ఊతపదం.

ఒకసారి ఆయనకు అద్దె ఇంటి కోసం ఇద్దరం గవర్నర్‌పేటలో తిరిగాం. గదులన్నీ చూపించి, పెరట్లోకి తీసుకెళ్ళాక ఇంటాయన గొంతు తగ్గించాడు.

"ఇంతకీ మీరేవిట్లండీ?"

కులం అడగడానికి మావైపు మర్యాద మాట అది. మాస్టారిది క్రైస్తవ కుటుంబం. అంతకుముందు చూసిన ఇళ్ళన్నీ ఈ ప్రశ్న దగ్గరే చేజారాయి. నేను నేల చూపులు చూస్తున్నాను.

పెరటి గడ్డిలోంచి లేచిన ఈగ ఒకటి ఇంటాయన భుజం మీద వాలింది. "ముందు రెక్క చూడనివ్వండి" అంటూ మాస్టారు దానిమీద గాజుగొట్టం బోర్లించి, భూతద్దంలోంచి తీరిగ్గా చూశారు.

"దీన్ని అడగక్కర్లేదండీ. రెక్క చూస్తే చాలు, కుటుంబం తెలిసిపోతుంది. మనకే, పాపం, ఒంటిమీద ఏ గుర్తూ లేదు. అడుక్కోవాల్సి వస్తోంది."

ఇంటాయన భుజం తడుముకున్నాడు. ఇల్లు మాత్రం ఇవ్వలేదు.

ఈగ మాతో వచ్చేసింది.