ఆఖరి రీలు లేని సినిమా

గడప తొక్కొద్దని నేనే ఎల్లగొడితే, నా కొడుకు పెర్కిట్‌ల కిరాయికుంటుండె. గా రోజులల్ల ఒకనాడు ఆర్మూర్ బస్టాండ్‌ల మా ఊరు ముప్కాల్ పోయే బస్సు కోసం కూసున్న. ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చుడుతున్న. సినిమా రీళ్ల డబ్బాతోని ఒకాయన వచ్చి పక్కన కూలబడ్డడు. పాత క్రైస్తవ నవల మీద తీసిన సినిమాను ఊరూరు తిప్పి చూపెడుతడట.

"ఆఖరి రీలు మిషిన్ల కాలిపోయిందక్కా. గప్పటి సంది ముగింపు నోటితోనే చెప్తున్న. యాష్టకొచ్చింది."

"ఏమైతది ఆఖర్ల?"

"నవలల తల్లి కొడుకును మాఫ్ చెయ్యకుంటనే సచ్చిపోతది. సినిమాల మాఫ్ చేస్తది."

"నువ్వేది చెప్తవు?"

"ఆడోళ్లు సినిమా చూసుకుంట గూడ బీడీలు చుడుతనే ఉంటరు. మాఫ్ చేసిందంటేనే వాళ్ల చేతులు ఆగుతయి. గందుకే గదే చెప్త," అని నా చాట దిక్కు చూసిండు.

నా చేతులు ఎప్పుడు ఆగినయో నాకే తెల్వలే.

వచ్చిన ముప్కాల్ బస్సును పోనిచ్చి, పెర్కిట్ ఆటో ఎక్కిన.